సక్రీబాయి అద్దాలు

రోహిణి కార్తె ఎండకు బేతంచెర్ల నాపరాళ్ల గని పెనమై కాగుతుండేది. ఆ పెనం మీద సక్రీబాయి పదకొండేండ్లుగా నడుస్తున్నది. మైలు దూరంలోని సుగాలీ తండా నుండి ప్రతి ఉదయం పదిహేడుమంది స్త్రీలను వెంటబెట్టుకొని వచ్చేది ఆమెయే. రెండేండ్లుగా చేలు తడిసిన పాపాన పోలేదు. తండాలో పద్దెనిమిది పొయ్యిలు వెలగాలంటే ఈ గని తప్ప వేరు దిక్కు లేదు.

ఆ గనికి కొత్త మేనేజరు వచ్చాడు. కోస్తావాడు, చదువుకున్నవాడు, దుర్మార్గుడు మాత్రం కాడు. సుగాలీ స్త్రీల వేషం పనికి అడ్డమని అతనికి తోచింది. వచ్చిన వారానికే తలకొక తెల్లని మిల్లు చీర పంచిపెట్టాడు. వారు మారుమాట లేకుండా ఒక్కరోజు కట్టుకున్నారు. సాయంత్రానికి రాళ్ల అంచులు కుచ్చిళ్లను చీల్చివేశాయి. పలుచని గుడ్డ కింద వీపులు కమిలిపోయాయి. మర్నాడు పద్దెనిమిది చీరలూ పేలికలై ఆఫీసు కంచె మీద వేలాడాయి.

మేనేజరుకు కోపం వచ్చింది గాని, న్యాయబుద్ధి దానిని అణచింది. సక్రీబాయిని పిలిపించి, బల్ల మీద కాగితం పరచుకున్నాడు.

"నీ ఒంటి మీది ప్రతి వస్తువూ దేనికో చెప్పు. పనికి వచ్చేవి ఉంచుకోండి. పనికిరానివి రేపటి నుండి గనిలో కనబడరాదు. ఒప్పుకోనివారికి ఇక్కడ పని లేదు."

గని మేస్త్రీ రసూల్ సాహెబ్ గుమ్మంలో నిలబడి గడ్డం నిమురుకుంటున్నాడు.

"దుప్పటి లాంటి ఈ పరికిణీ ఏమిటి?"

"పేటియా సారూ. తుమ్మముల్లు దిగదు, రాయి గీసినా తొడ తెగదు. లోపల గాలి తిరుగుతాది. మీ ప్యాంట్లో తిరుగుతాదా?"

రసూల్ సాహెబ్‌కు దగ్గు వచ్చింది.

"వీపు లేని రైక?"

"సెమట నిలవదు."

"మరి ఈ ముసుగు?"

"వీపుకు అదే నీడ. దుమ్ము లేస్తే మూతికి అడ్డం, బండ మోస్తే తలకు కుదురు, సంటిబిడ్డుంటే ఊయల."

"చేతినిండా ఈ ఎముక గాజులు?"

"బండ జారితే ముందు ఇవి పగుల్తాయి. సెయ్యి నిలుస్తాది."

మేనేజరు కలం హుషారుగా సాగింది. "భేష్! అయితే మీకు ఎండయే దర్జీ అన్నమాట!"

"ఎండ కుట్టలేదు సారూ," అన్నది సక్రీబాయి. "మా యమ్మ కుట్టింది."

"సరే, సరే. పరికిణీ నిండా కుట్టిన ఈ అద్దాలో?"

రసూల్ సాహెబ్ ఒక అడుగు ముందుకు వేశాడు. "అడవిలో ఆ తళుకు సూసి పాములు బెదురుతాయి దొరా. శానా పనికొస్తాయి. ఏమ్మా సక్రీ, ఔనని సెప్పు!"

ఒక్క 'ఔను' చాలు. సక్రీబాయి తన పరికిణీ వైపు చూసుకున్నది. తల్లి పేటియా చివికిపోయిననాడు దాని అద్దాలు ఒక్కొక్కటే విప్పి తన గుడ్డకు కుట్టుకున్నది. వాటిలో తొమ్మిది పగిలినవే. వాటినీ వదలలేదు. పద్దెనిమిది పొయ్యిలు కళ్ల ముందు మెదిలాయి. ఆమె తల ఎత్తింది.

"రసూలన్న మంచోడు, అందుకే అబద్దమాడతాండాడు. అద్దం సూసి పాము పోదు. అద్దాలు ఎందుకూ పనికిరావు సారూ."

"అయితే తీసివేయండి."

"తీయం. సూసేకి బాగుంటాయని పెట్టుకున్యాం. బీదోళ్ల ఒంటిమీద పనికొచ్చేవే ఉండాలని యాడ రాసుండాది? మీ మెడలో ఆ గుడ్డ ఉండాదే, అది దేనికి సారూ, ఈ ఎండలో?"

మేనేజరు చేయి తనకు తెలియకుండానే టై ముడి మీదికి పోయింది. ముఖం కందగడ్డ అయింది. "నడు బయటికి!"

ఆమె బయటికి నడిచింది గాని ఇంటికి పోలేదు. జరిగినది తమ భాషలో నాలుగు ముక్కల్లో చెప్పింది. అందరికంటె పెద్దదైన గోమ్లి తలమీది బండను దించి పెట్టింది. తక్కినవారూ దించారు. పద్దెనిమిదిమందీ ఆఫీసు కిటికీకి ఎదురుగా పరికిణీలు పరచుకొని కూర్చున్నారు. స్టేషనుకు పోవలసిన లారీ సగం నిండి నిలిచిపోయింది.

ఎండ ఆ అద్దాల మీద పడి, వందల తునకలై కిటికీలోనుండి లోనికి దూకింది. గోడ మీద, బల్ల మీద, కాగితం మీద తళుకులే. మేనేజరు కిటికీ మూసివేశాడు. నాపరాతి కప్పు కింద ఆ గది పావుగంటలో కొలిమి అయింది. మళ్లీ తెరవక తప్పలేదు. తెరిచినప్పుడు అతని టై కుర్చీకి వేలాడుతున్నది.

"లారీ నింపమను," అన్నాడు మేస్త్రీతో.

"అద్దాలతోనేనా దొరా?"

"నేను అద్దాల మాట ఎత్తానా?"

స్త్రీలు లేచారు. సక్రీబాయి మాత్రం కిటికీ దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఆ కాగితంలో అద్దాలు గూడా రాయండి సారూ."

"ఏమని?"

"బాగుంటాయని."

ఆమె పాదాల దగ్గర నాపబండ ఒకటి ఎత్తడానికి సిద్ధంగా ఉన్నది. అతని కలం కదిలేదాకా సక్రీబాయి దాని మీద చేయి వేయలేదు.