గొట్టానికీ కొయ్యకీ మధ్య

కాగితపు ముక్క రైఫిల్ గొట్టానికీ కొయ్యకీ మధ్య కొంతదూరం జారి ఆగిపోయింది. వెండెలిన్ దాన్ని వెనక్కి లాగి మళ్లీ తోశాడు. మళ్లీ అక్కడే, మూతికి జానెడు దూరంలో ఆగింది.

వంటింటి బల్ల మీద పాత దుప్పటి ముక్క పరిచి దాని మీద రైఫిల్‌ని పడుకోబెట్టాడు. పొట్టి రైఫిల్. మిగతావాటికి కొయ్య సగంలోనే ఆగిపోతుంది, దీనికి మాత్రం గొట్టం చివరిదాకా అక్రోటు కొయ్యే. మూతి దగ్గర చిన్న ఇనుప తొడుగు. బోల్టు పిడి వెన్న రాసే కత్తిలా చదునుగా ఒంటికి అంటుకుని ఉంటుంది. దేవదారు చెట్ల మధ్య నిటారు కొండ ఎక్కేవాడి భుజానికి అనువుగా, ఏ కొమ్మకీ తగులుకోకుండా ఉండాలని చేసిన వస్తువు. చూడటానికి అందంగా ఉంటుంది. ఈమధ్య వెండెలిన్‌కి ఆ అందాన్ని చూడబుద్ధే కావడం లేదు.

"కాఫీ చల్లారిపోతోంది" అంది అతని భార్య బుర్గి, పొయ్యి దగ్గర నుంచి తిరగకుండానే.

అతను కప్పు అందుకుని ఒక గుక్క తాగాడు. లేచి కిటికీ దాకా వెళ్లాడు. తిరిగి వచ్చాడు. అతనితో పాటు కుక్క కూడా లేచి, వెళ్లి, వచ్చి, విసుగ్గా నిట్టూర్చి బల్ల కింద పడుకుంది. వారం పాటు కురిసిన వాన నిన్న సాయంత్రం ఆగింది. తెల్లవారేసరికి దక్షిణపు వెచ్చగాలి కొండ దాటి లోయలోకి దిగింది. ఆ గాలి వీచిన రోజు ఆవులు సరిగా పాలివ్వవు, మనుషులకి తల బరువెక్కుతుంది, రేకుల కప్పు పొద్దస్తమానం కొట్టుకుంటూనే ఉంటుంది. అసలే ఒకచోట నిలవలేకపోతున్న మనిషికి ఆ చప్పుడు తోడైంది.

అంతా ఆ ఆడజింకతో మొదలైంది. వానలు పట్టిన కొత్తలో, సాయంత్రం వెలుగు బాగానే ఉన్నప్పుడు, తేలికైన దూరంలో నిలబడి ఉన్న జింకని కొట్టాడు. మొదటి తూటా కొంచెం వెనక తగిలింది. వెంటనే మళ్లీ పేల్చాడు. అది కాలికి తగిలింది. జింక మూడు కాళ్ల మీద అడవిలోకి పోయింది. కుక్కని పట్టుకుని మర్నాడంతా వెతికాడు, ఆ మర్నాడు మధ్యాహ్నానికి వాగు పక్క పొదల్లో దొరికింది. ఇంకా బతికే ఉంది. అది అతని వైపు చూసిన చూపు అతను ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోయినా లోయలో అందరికీ తెలిసిపోయింది. నిన్న రొట్టెల కొట్టు దగ్గర కలప కొట్టే రూపెర్ట్ ట్రాక్టర్ ఆపి మరీ పలకరించాడు. "ఏం వెండెల్, ఈసారి ఏ కాలు కొడతావో ముందే చెప్పు. మా ఆవుల్ని లోపల కట్టేసుకుంటాను." నలుగురూ నవ్వారు. వెండెలిన్ కూడా నవ్వాడు. ఇంటికి వచ్చేదాకా ఆ నవ్వు మొహానికి అతుక్కుపోయే ఉంది.

రూపెర్ట్ మాట పోనిచ్చాడు. మామగారు క్విరిన్ అన్న మాటే పోవడం లేదు. పోయిన చలికాలం పక్షవాతం వచ్చినప్పటి నుంచి ముసలాయన వంటింటి పక్కగదిలో మంచం మీదే ఉంటున్నాడు. జింక సంగతి విని, పనిచేస్తున్న సగం నోటితో, "వంకరపోయింది తుపాకీ కాదు" అన్నాడు. అని గోడ వైపు తిరిగిపోయాడు.

ఈ వేటభూమికి ముప్పై ఏళ్లు కాపలా కాసినవాడు క్విరిన్. తర్వాత అంతకాలమూ కాసినవాడు వెండెలిన్. వాగుకి అవతలి ఒడ్డున కలప కోతమిల్లులో పనిచేసేవాడి కొడుకు అతను. కలప కొట్టడానికి వచ్చి, బుర్గిని చేసుకుని, మామగారి సిఫారసుతో ఉద్యోగం పొందాడు. పెళ్లినాడు ముసలాయన ఈ రైఫిల్‌ని అతని చేతిలో పెట్టాడు, కానీ వెండెలిన్‌కి అది తనదని ఏనాడూ అనిపించలేదు. రోజూ సాయంత్రం అతను అడవి నుంచి రాగానే క్విరిన్ చెయ్యి చాపేవాడు. రైఫిల్ తీసుకుని, బోల్టు తీసి, గొట్టంలోంచి దీపం వైపు చూసి, కొయ్యని పొడవునా వేళ్లతో తడిమి తిరిగి ఇచ్చేవాడు. మంచీ అనేవాడు కాదు, చెడూ అనేవాడు కాదు. ఊళ్లో వెండెలిన్‌ని ఇప్పటికీ క్విరిన్ అల్లుడనే అంటారు. అతనికి అరవై నిండాయి.

ఇప్పుడు అతను ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. వేటభూమిని కౌలుకి తీసుకున్న సిమెంటు వ్యాపారి శనివారం పట్నం నుంచి వస్తాడు. కొండమీది గుడిసె తాళంచెవులు ఆయన చేతిలో పెట్టేసి, ఇక నావల్ల కాదని చెప్పేయాలి. బుర్గికి ఇంకా చెప్పలేదు. కళ్ల డాక్టరు, నీ వయసుకి చూపు బాగానే ఉంది అన్నాడు. అందులో "నీ వయసుకి" అన్నదొక్కటే అతనికి గుర్తుండిపోయింది. రైఫిల్ మీది దుర్భిణి మరలు బిగించి చూశాడు. తూటాల పెట్టె మార్చాడు. ట్రిగ్గరు శుభ్రం చేశాడు. ఈ ఉదయం ఇంటి వెనక వాలులో లక్ష్యం కాగితం పెట్టి పేలిస్తే మొదటిది నడిమధ్యన తగిలింది, రెండోది అరచేయంత పైకి పోయింది, మూడోది కాగితానికే తగల్లేదు. చెయ్యి వణుకుతోందా, కొయ్య నొక్కుతోందా? తుపాకీదే తప్పయితే బాగుండునని ఒక క్షణం అనుకునేవాడు. తుపాకీదే అయితే ఇన్నేళ్లు తనకేమీ తెలియనట్టే కదా అని మరుక్షణం అనుకునేవాడు.

కాగితం మూడోసారీ అక్కడే ఆగింది. వానకి తడిసి కొయ్య ఉబ్బి గొట్టాన్ని నొక్కుతోందన్నమాట. గొట్టం చల్లగా ఉన్నంతసేపూ ఫరవాలేదు. ఒకసారి పేలి వేడెక్కితే సాగడానికి చోటు లేక పక్కకి తోసుకుంటుంది.

విప్పి చూడాలి. ఆ కొయ్యకి ఎవరూ కత్తి తగిలించకూడదన్నది క్విరిన్ మాట. వెండెలిన్ పక్కగది తలుపు వైపు ఒకసారి చూసి, స్క్రూడ్రైవరు అందుకున్నాడు. మూతి దగ్గరి తొడుగు ఊడదీశాడు. అడుగునున్న మరలు రెండూ తీశాడు. గొట్టం పైకి లేవనంటూ మొరాయించి, ఒక్కసారిగా ఊడి వచ్చింది.

గొట్టం కూర్చునే గాడిలో నల్లటి పట్టీ ఒకటి అంటుకుని ఉంది. గోటితో లేపాడు. సిగరెట్టు పెట్టె అట్ట. నాలుగు మడతలు పెట్టి అక్కడ దూర్చారు. నానిపోయి ఒకవైపు పిండిలా అయ్యింది, ఇంకోవైపు గట్టిగానే ఉంది. దాని పక్కన గాడిలో గీకిన గుర్తులు, ఎగుడుదిగుడుగా, తొందరలో చేసినట్టున్నాయి. పాతబడి కొయ్య రంగులో కలిసిపోయాయి. కార్ఖానాలో చేసిన పని కాదది.

అట్ట ముక్కని అరచేతిలో పెట్టుకుని పక్కగదిలోకి వెళ్లాడు. క్విరిన్ మెలకువగానే ఉన్నాడు. వెండెలిన్ చెయ్యి ముందుకు చాపాడు. ముసలాయన దాన్ని చాలాసేపు చూశాడు.

"విప్పావన్నమాట" అన్నాడు.

"విప్పాను మామా."

"నేను పెట్టిందే."

తర్వాత ఆయన చెప్పింది ముక్కలు ముక్కలుగా వచ్చింది. బుర్గి పుట్టకముందు సంగతి. అప్పుడూ ఇలాగే వానలు. పెద్ద కొమ్ముల జింక. మొదటి తూటా చాలలేదు, రెండోది ఎక్కడ తగిలిందో తెలియదు. మంచు పడి నెత్తుటి జాడ కప్పేసేదాకా వెతికాడు. దొరకలేదు. చచ్చిన జంతువు నోట్లో పచ్చని కొమ్మ పెట్టడం ఈ కొండల్లో వేటగాడు చెల్లించే చివరి మర్యాద. ఆ మర్యాద కూడా దానికి దక్కలేదు. గురి పూర్తిగా తప్పిందని యజమానికి అబద్ధం చెప్పి, కట్టెల కొట్టంలో కూర్చుని రైఫిల్ విప్పి, నొక్కుతున్న చోట కాస్త గీకి, ఇంకా నమ్మకం చాలక అట్ట దూర్చి మూసేశాడు. అప్పటికి కుదిరింది.

వెండెలిన్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అంతా తెలిసుండి నన్నెందుకు అలా అన్నావు, వంకరపోయింది తుపాకీ కాదని?"

"నిన్నన్నానని ఎవరు చెప్పారు?"

రేకుల కప్పు కొట్టుకుంటోంది. ముసలాయన బాగున్న చేత్తో దుప్పటి అంచు నలుపుతున్నాడు.

"రోజూ సాయంత్రం అడిగి తీసుకునేవాణ్ని కదా. నిన్ను తనిఖీ చెయ్యడానికనుకున్నావా?"

"ఇంకెందుకు?"

"కొయ్య తడిసిందేమోనని. మంచాన పడ్డాక చూడ్డం కుదర్లేదు. చూడ్డం మానేసిన ఏడాదే ఇలా అయ్యింది."

"ఒక్క మాట చెప్పుండొచ్చు కదా, మామా."

"చెప్తే ఆ జింక సంగతి కూడా చెప్పాలిగా." ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి మళ్లీ అన్నాడు, "గీకెయ్. నాలా సగంసగం చెయ్యకు. ఆ కిటికీ తెరిచి వెళ్లు."

వెండెలిన్ బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. కోపం రావాలి. వస్తుందేమోనని చూశాడు. ముప్పై ఏళ్ల సాయంత్రాలు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి కానీ కోపం మాత్రం రాలేదు. చేతులకి పని కావాలనిపించింది, అంతే. గొట్టానికి దీపపు మసి పూసి గాడిలో పెట్టి నొక్కి తీశాడు. మసి అంటిన చోటల్లా గుండ్రటి ఉలితో సన్నగా గీకాడు. నల్లటి పైపొర కింద కొయ్య లేత రంగులో, ఇన్నేళ్ల తర్వాత కూడా, ఇప్పుడే కోసినట్టు బయటపడింది. మళ్లీ మసి, మళ్లీ ఉలి. బుర్గి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అడగకుండానే రైఫిల్ రెండో కొసని కదలకుండా పట్టుకుంది. పక్కగదిలో మాటలు ఆమె విన్నదో లేదో అతను అడగలేదు. గాడి పొడవునా కాగితం అడ్డంకి లేకుండా జారాక, కరిగించిన మైనం కొయ్యకి పట్టించి ఆరనిచ్చాడు. మరలు బిగించాడు. మూతి తొడుగుకీ కొయ్యకీ మధ్య గోరంత సందు వదిలాడు.

మధ్యాహ్నం దాటాక వాలు ఎక్కి, గడ్డివాము దగ్గర పాత బల్ల మీద మోచేతులు ఆనించాడు. గాలి తెరలు తెరలుగా వస్తోంది. అది తగ్గేదాకా ఆగి మొదటిది పేల్చాడు. గొట్టం చల్లారనివ్వకుండా వెంటనే రెండోది. దుర్భిణిలోంచి కాగితం వైపు చూడాలనిపించింది, చూడలేదు. మూడోదీ పేల్చాడు.

కాగితం తగిలించిన దుంగల పేర్పు దగ్గరికి నడిచాడు. మూడు రంధ్రాలూ బొటనవేలి కింద పట్టేంత దగ్గరగా ఉన్నాయి. బొటనవేలితో కప్పి చూశాడు, తీసి చూశాడు. రూపెర్ట్‌ని తలుచుకున్నాడు. అంతసేపూ శనివారం సంగతి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదన్నది అప్పుడు తెలిసింది. కాగితం ఊడదీసుకుని, అరవై దాటిన మనిషి దిగాల్సిన దానికన్నా వేగంగా కొండ దిగాడు. కుక్క ముందు పరుగెత్తింది.

బుర్గి పక్కగది గుమ్మంలో నిలబడి ఉంది. ఏడవడం లేదు. అతని చేతిలో కాగితం చూసి, దారి ఇవ్వడానికి పక్కకి జరిగింది.

మొదటిది వినగానే ముసలాయన హూఁ అన్నాడట. రెండోదానికి, ఎక్కడ తగిలిందే అని అడిగాడట. "నాకేం తెలుసు నాన్నా, ఆయనే వచ్చి చెప్తాడు అన్నాను. పొయ్యి మీద పాలున్నాయని వెళ్లాను. మూడోది వంటింట్లోనే విన్నాను. వచ్చేసరికి ఊపిరి లేదు."

మూడోది ఆయన విన్నాడో లేదో ఇద్దరికీ తెలియదు.

"ఒకచోటే తగిలాయి, మామా. మూడూ" అన్నాడు వెండెలిన్. కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు పట్టుకునే నిలబడి, చివరికి మడిచి ముసలాయన చొక్కా జేబులో పెట్టాడు.

సాయంత్రం పాదిరిగారు వచ్చి వెళ్లారు. ఇరుగుపొరుగు వచ్చారు. రూపెర్ట్ కూడా వచ్చి, టోపీ తీసి పక్కన పెట్టి, క్విరిన్‌ని ఒక పక్క భుజం పట్టి ముందుగదిలోకి మోయడానికి సాయపడ్డాడు. అందరూ అటు వెళ్లాక వెండెలిన్ పక్కగదిలో ఒక్కడే మిగిలాడు. మంచం ఏదో తేడాగా కనిపించింది. అప్పుడు బుర్గి గుమ్మంలోంచి చెప్పింది. జీవితమంతా తుపాకీ పేల్చి పేల్చి ఆయనకి కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎప్పటిలా పడుకుంటే కిటికీ వైపు ఉండేది ఆ చెవే. వెండెలిన్ కొండ ఎక్కుతున్నప్పుడు ముసలాయన ఆమెని పిలిచి, పట్టుబట్టి, బాగున్న చెవి కిటికీ వైపు వచ్చేలా తలని కాళ్లవైపుకి తిప్పి పడుకోబెట్టించుకున్నాడు.

మంచానికి కాళ్లవైపున, తెరిచిన కిటికీకి దగ్గరగా, దిండు అలాగే ఉంది, నడుమ తల ఆనిన గుంటతో.