రిబ్బన్‌లో మిగిలిన ముఖాలు

అత్తగారు పోయి నెల తిరిగింది. ఆవిడ ఫొటో ప్రింటరు స్విచ్చి ఆ తర్వాత ఎవరూ వెయ్యలేదు. ఇటుకంత పెట్టె అది. కెమెరా కార్డు పెడితే చాలు, కాగితాన్ని మింగుతూ కక్కుతూ పసుపు, ఎరుపు, నీలం ఒకదాని మీద ఒకటి అద్ది బొమ్మ తీస్తుంది.

ఆవిడ రోజుకో ఫొటో తీసి, వెనక వంకర అక్షరాలతో ఏదో ఒకటి రాసేది. కొడుకువి, మనవరాలివి, ఆఖరికి ఎదురింటి పిల్లివి కూడా. కోడలిది మాత్రం పన్నెండేళ్లలో ఒక్కటీ లేదు. అడిగితే, "నువ్వు ఫొటోలో బాగా పడవమ్మాయ్" అని మూతి ముడిచేది.

ఆ పెట్టెను సర్దేద్దామని కోడలు అందులో రంగులద్దే రిబ్బన్‌ను, అయిపోయినదాన్ని, బయటికి లాగింది. రంగు కాగితానికి పోయినా ప్రతి బొమ్మ నీడా రిబ్బన్ మీద ఉండిపోతుందని ఆమెకు అప్పుడే తెలిసింది. కిటికీ వెలుగులో పట్టి చూస్తే మొగుడు మూడు రంగుల్లో, కూతురు మూడు రంగుల్లో, పిల్లి మూడు రంగుల్లో.

"పిల్లిపాటి చెయ్యలేదన్నమాట నేను!" అని పళ్లు కొరుక్కుంటూ చివరిదాకా లాగింది.

చివరి బొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. అది తనే. ఈ కిటికీ పక్కనే, ఈ కుర్చీలోనే, జుట్టు మెడ దాకా కత్తిరించుకుని కూర్చుని ఉంది.

జుట్టు కత్తిరించుకున్నది నిన్న.

ఫొటోలు వచ్చిపడే ట్రే మూత ఎత్తింది. లోపల ఒక ఫొటో ఉంది, ఇంకా వెచ్చగా. తిప్పి చూస్తే వెనక అవే వంకర అక్షరాలు: "ఈ జుట్టుతో కాస్త నయం."