తలకు కాలమ్ లేదు

చేప తల తెరవడమంటే తలుపు తెరిచినట్టు కాదు. కత్తి వెంట్రుకవాసి ఎక్కువ దిగితే మెదడు చెదురుతుంది, దాని కింద దాక్కున్న నువ్వుగింజంత తెల్లని గ్రంథి చిట్లుతుంది. గ్రంథి చిట్లితే గ్రంథమంతా వృథా. ఈ సంగతి పుస్తకంలో చదివినవాడు ఫిషరీస్ ఆఫీసరు సారంగపాణి. చదవకుండానే చేసి చూపించింది వరంగల్ చేపల మార్కెట్లో బంగారుతీగ చేపలమ్మే మొగిలమ్మ.

మొదటి రోజు సారంగపాణి ఆరు తలలు కోసి అరగింజ తీశాడు. మొగిలమ్మకు చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. కత్తిపీట ముందుకు లాక్కుని, ఇంకో ఆరింటికి ఆరూ చెక్కుచెదరకుండా తీసి ఆయన స్పిరిటు సీసాలో వేసింది. ఆనాటి నుంచి ఆ సీసా ఆమె ఒళ్ళోనే ఉంది, కావలసినప్పుడు గింజలు పట్టుకెళ్ళడమే ఆయన పని.

తల పగిలిన చేపను కొనే మొనగాడు లేడు. పులుసుకు తలే తల్లివేరు. అయినా మొగిలమ్మ, సోమక్క, పోశవ్వ, చేపలమ్మే ఆడవాళ్ళ సంఘంలోని ఇరవై మందీ నెల రోజులు తలలిచ్చారు. సారంగపాణి మాట అలాంటిది.

"ఈ గింజ నూరి సూదేస్తే రవ్వ చేపలు నిలువనీళ్ళల్లనే గుడ్లు పెడుతయి. మొదటి పిల్లలు మీ సంఘం కుంటకే."

ఏటి వరద తగిలితే తప్ప గుడ్డు విడవని మొండి జాతి రవ్వ. వానలు పడ్డాయి, కుంట నిండింది, పిల్ల మాత్రం పడలేదు. ఆగస్టు దాటితే రవ్వ కడుపులో గుడ్లు కరిగిపోతాయి. ఆ తర్వాత ఏడాదంతా కుంటలో నీళ్ళే, ఇరవై ఇళ్ళ పొయ్యిల మీదా నీళ్ళే.

సూది పడనైతే పడింది. పడింది దొర రాజేశ్వర్ రావు చెరువులో. రెండేళ్ళుగా ఆయన మేపుతున్న రవ్వలకు కడుపులొస్తాయి గాని గుడ్లు రావు. రావు చెరువు కదా, రావు. మొగిలమ్మ తీసిన గింజల మందు ఎక్కగానే, నీళ్ళలో కట్టిన బట్టతొట్టెలో లక్షలకొద్దీ రాలాయి. రావు మెడలో ఒక దండ, సారంగపాణి మెడలో ఒక దండ, పిల్లలన్నీ రావు చెరువులో.

ఆ కబురు మార్కెట్టుకు చేరిన పూటే, రెండో కాన్పుకు గింజలు కావాలని సారంగపాణి వచ్చాడు.

"తలలు మావి, తలంబ్రాలు దొర చెరువుల పోసొస్తివా సారూ?" అంది మొగిలమ్మ, కత్తిపీట మీంచి చూపు లేపకుండా.

"నేనేం చెయ్యాలె అవ్వా? ఫారంల రూలుంది. తల్లి చేపలెవరివో పిల్లలు వాళ్ళవే."

"ఆ తల్లి రెండేండ్లు కడుపు మోసుకుంట తిరిగింది. కన్నదా?"

"కనలే."

"మరి ఎవరి తలతోని కన్నది?"

సారంగపాణి ఫారం తీసి చూపించాడు. "జర చూడు. తల్లికి కాలమ్ ఉంది, తండ్రికి కాలమ్ ఉంది. తలకు కాలమ్ లేదు."

"కాలం చేసినంకనే కద సారూ వాటి తలల నీకు గింజ దొరికింది. సచ్చి ఇచ్చినోళ్ళకు కాలమ్ లేకపోవుడు ఏం న్యాయం?"

పోశవ్వ అందుకుంది. "నిరుడు సర్కారు జీపొచ్చి మన కొమురెల్లన్నకు ఆపరేషన్ చేపిచ్చె. ఇద్దరు చాలనిరి. ఈ యేడు జీపొచ్చి రవ్వలకు రెండు లక్షలు గూడ చాలవంటాంది."

మార్కెట్టంతా నవ్వింది. మొగిలమ్మకు నవ్వు రాలేదు. కొమురెల్లి ఆమె పెనిమిటి. ఆపరేషన్ తర్వాత వారం రోజులు మంచం దిగకపోతే ఏ జీపూ తిరిగి చూడలేదు. మనుషులు కనొద్దన్నప్పుడూ తననెవరూ అడగలేదు, చేపలు కనాలన్నప్పుడూ అడగలేదు. అడిగిందల్లా తలలే.

"రేపే సూదెయ్యాలె. చేపలు ఆగయి. సీసా ఇయ్యి మొగిలమ్మా."

ఆమె సీసా మూత తీసి, పక్కనున్న మురుగు మోరీ మీదికి ఒలికీ ఒలకనంతగా వంచింది.

"ఏం చేస్తాన్నవ్?"

"నీ రూలే చేస్తాన్న. కాలమ్ లేని సరుకు మోరీల పోవాలె."

సారంగపాణి మిగతా గంపల వైపు చూశాడు. సోమక్క తన గంప మీద తడిగోనె కప్పింది. తర్వాత పోశవ్వ. మాటా పలుకూ లేకుండా ఇరవై గంపలకూ ముసుగులు పడ్డాయి.

"రావు దొర ఊకోడు," అన్నాడాయన, గొంతు తగ్గించి.

"ఊకోకుంటే దొరనే తల ఇయ్యమను."

సారంగపాణి పెన్ను తీశాడు. పొలుసులు అంటిన బండ మీద ఫారం పరిచి, తల్లికీ తండ్రికీ పక్కన నిలువుగా ఒక గీత గీసి కొత్త కాలమ్ చేశాడు. అందులో ఏం రాశాడో మొగిలమ్మ అడిగితే బిగ్గరగా చదివాడు. "తల ఎవరిది? మొగిలమ్మది. పిల్లల్ల సగం సంఘం కుంటకు." కింద సంతకం చేయబోయాడు.

"ఆగు," అంది మొగిలమ్మ. సీసా ఇంకా మోరీ మీదే వంగి ఉంది. "గీత జర కిందికి గుంజు సారూ. ఇరవై పేర్లు పట్టాలె."