గూట్లో పింగాణీ కప్పు

విమల సముద్రం దాటి వచ్చిందంటే నాంపల్లి గల్లీలో చాలా రోజులు అదే ముచ్చట. లండన్‌లో డాక్టరుగా ఉన్న అన్న శ్యామ్‌సుందర్ ఇంటికి, వదిన పురిటికి సాయంగా పోయింది. పని ముగించుకుని ఓడలో తిరిగి వస్తుంటే దారిలో ఇంజను చెడిపోయింది. ఓడవాళ్లు అందరినీ ఇటలీ ఒడ్డున ఒక చిన్న ఊళ్లో దింపి, బాగయ్యేదాకా అక్కడి ఇళ్లలో బసకు పెట్టారు. అప్పుడే క్రిస్మస్ వచ్చింది.

ఆ ఊరి సంగతి అడిగితే చాలు, విమలకు పొయ్యి మీద పాలు కూడా గుర్తుండేవి కావు. లండన్‌లో ఎముకలు కొరికే చలి. ఈ ఊళ్లోనేమో డిసెంబరు నెలలో కూడా మన హైదరాబాదు ఎండే, నూలు చీర మీద ఒక శాలువా కప్పుకుంటే సరిపోయేది. ఇళ్ల ముందర నిమ్మచెట్లు కాయలతో వంగిపోయి ఉండేవి. సముద్రం చూస్తే బట్టలకు పెట్టే నీలిమందు ఎవరో గంపలకొద్దీ కలిపారా అనిపించేది. పండుగనాడు ముసలివాళ్లంతా ఒడ్డున బల్లల మీద కూర్చుని, ఎండ కాగుతూ నారింజలు ఒలుచుకుంటారట. పలకరిస్తే ఒక తొన చేతిలో పెడతారట.

విమల బస చేసింది తెరేజా అనే విధవరాలి ఇంట్లో. ఆమె కూతురు జెమ్మా బడిలో ఇంగ్లీషు నేర్చుకున్న పిల్ల. మెట్రిక్ దాకా చదివిన విమల ఇంగ్లీషూ, ఆ పిల్ల ఇంగ్లీషూ కలిసి ఎట్లాగో ఒక మాట అయ్యేది. ఆ ఇంట్లో పండుగకు బొమ్మలు పేర్చారు, అచ్చం మనం దసరాకు పెట్టినట్టే. అప్పుడే పుట్టిన ఏసును చూడడానికి పోయే ఊరి జనం అంతా అందులో ఉన్నారు: చేపలవాడు, రొట్టెలవాడు, మేకను మోసుకుపోయే పిల్లాడు. జెమ్మా ఒక మట్టిబొమ్మకు ఎర్రగుడ్డ ముక్క చీరలా చుట్టి ఆ వరసలో నిలబెట్టింది. ఇది నువ్వు, అంది.

ఇంతవరకు విమల అందరికీ చెప్పేది. చెప్పనిది ఇంకొకటి ఉంది.

విమల మాంసం, చేప ముట్టదని తెలిసి, తెరేజా పండుగ ముందురోజు బజారుకు పోయి కొత్త గిన్నె కొనుక్కొచ్చింది. ఇందులో ఏదీ వండలేదు చూడమన్నట్టు, అడుగున అంటుకున్న దుకాణం కాగితం కూడా చూపించింది. చిక్కుడుగింజలు, ఆకుకూర విడిగా వండింది. రాత్రి భోజనాల బల్ల దగ్గర తన పక్కనే కూర్చోబెట్టుకుంది. అద్దాల బీరువాలోంచి తన పెళ్లినాటి కప్పు తీసి, విమలకు అందులో పాలు పోసింది. విమల ముద్ద నోట పెట్టేదాకా ఆ ఇంట్లో ఎవరూ చెంచా ఎత్తలేదు.

విమల తిన్నది. కడుపునిండా తిన్నది.

అయితే బయలుదేరేముందు అత్తగారు ప్రభావతమ్మకు, దారిలో పరాయివాళ్ల చేతివంట తిననని మాట ఇచ్చి ఉంది. తిరిగి వచ్చిన రోజు ఆవిడ పంచగవ్యం తాగించి మరీ లోపలికి రానిచ్చి, దారిలో ఏం తిన్నావు బిడ్డా అని అడిగింది. అరటిపండ్లు, పాలు, అంతే అత్తమ్మా, అని విమల చెప్పేసింది. పాపం ఎంత చిక్కిపోయిందో అని ఆవిడ ఆ రోజు పూర్ణాలు చేసి పెట్టింది.

మూడేళ్లు గడిచాయి. జెమ్మా నర్సయింది. హైదరాబాదు పక్క జిల్లాలో ఒక మిషన్ దవాఖానలో పనిచేయడానికి వస్తూ, క్రిస్మస్‌కు ఆబిడ్స్‌లో చర్చి సిస్టర్ల దగ్గర దిగుతున్నానని, పండుగ పూట మీ ఇంటికి వస్తానని కబురు పెట్టింది. విమల ఒక రోజంతా సంబరపడింది. రెండో రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. అడగక తప్పదని అత్తగారిని అడిగింది.

"రానియ్యి, పాపం గంత దూరంకెల్లి వస్తున్నది," అంది ప్రభావతమ్మ. "లోపటికి మాత్రం తేకు. అరుగు మీద కూసోబెట్టు."

ఆ అరుగు గోడలో ఒక గూడు ఉండేది. గూట్లో గులాబీపూల పింగాణీ కప్పు ఒకటి. ఇంటివాళ్లు తాగేది స్టీలు గ్లాసుల్లో. బయటివాళ్లు, అంటే కులం కానివాళ్లు ఎవరొచ్చినా చాయ్ ఆ కప్పులోనే. తాగినవాళ్లు పెరటి నల్లా కింద కడిగి, మళ్లీ గూట్లో బోర్లించి పోతారు. ఒకరు ఒకరికి చెప్పేది లేదు, అందరికీ తెలిసిందే.

పండుగనాడు మధ్యాహ్నం జెమ్మా రిక్షా దిగింది. పండ్లయితే ఎవరైనా తింటారు కదా అని బుట్టెడు నారింజలు తెచ్చింది. విమలను వాటేసుకుంది. మీ ఊరు మా ఊరిలాగే ఉంది, సముద్రం ఒక్కటే తక్కువ, అంది. అరుగు మీద కూర్చుంది గాని, కళ్లు మాటిమాటికీ లోపలి గుమ్మం వైపే. వంటిల్లు ఎట్లా ఉంటుందో చూడాలని అడిగింది. లోపల సున్నం వేస్తున్నారని విమల చెప్పింది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో, అంత తేలిగ్గా వచ్చింది.

ప్రభావతమ్మ నారింజల మీద నీళ్లు చల్లి లోపల పెట్టింది. చాయ్ తానే తెచ్చింది. పిల్ల బక్కగా ఉందని చక్కెర ఎక్కువే వేసింది. జెమ్మా తన చేతిలోని పూలకప్పు చూసింది, వీళ్ల చేతుల్లోని గ్లాసులు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరందరూ ఉత్త గ్లాసుల్లో తాగుతున్నారు. నాకొక్కదానికే ఈ కప్పు," అంది ఇంగ్లీషులో. "మా అమ్మ ఆ రోజు నీకు తన పెళ్లికప్పు తీసింది చూడు, అట్లాగే. మీ అత్తగారికి చెప్పవా? అమ్మకు ఇవాళే రాస్తాను."

"ఏమంటున్నదే?" అని అడిగింది ప్రభావతమ్మ.

ఉన్నదున్నట్టు చెబితే ఆ కప్పు సంగతి, ఆ గిన్నె సంగతి, మూడేళ్లనాటి అరటిపండ్ల సంగతి అన్నీ బయటపడతాయి.

"చాయ్ మంచిగున్నదంటున్నది, అత్తమ్మా."

"గంతసేపు చెప్పి గింతేనా? పొదుపుగ ఉన్నది నీ ఇంగ్లీషు."

తాగడం అయ్యాక జెమ్మా తానే లేచింది. అంత అపురూపమైన కప్పు పనిమనిషి చేతిలో పడి పగిలిపోతుందేమో అనుకున్నట్టుంది. నల్లా కింద కడిగి, తన చేతిరుమాలుతో తుడిచి, ఎక్కడినుంచి తీయడం చూసిందో సరిగ్గా ఆ గూట్లోనే పెట్టింది.

"చూసినవా," అంది ప్రభావతమ్మ మెచ్చుకోలుగా. "ఎవరు చెప్పకుండనే కడిగి పెట్టింది. పద్ధతి తెల్సిన పిల్ల."

ఏమన్నారని జెమ్మా అడిగింది. మంచిపిల్ల అన్నారు, అని విమల తల వంచుకుని చెప్పింది.

జెమ్మా ఇంకా గూటి వంకే చూస్తుంటే ప్రభావతమ్మ మనసు కరిగింది. గంత ముచ్చటగా ఉంటే తీసుకపొమ్మను, మనం ఇంకోటి కొనుక్కుందాం, అంది. జెమ్మా నమ్మలేకపోయింది. ఆవిడ చేయి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. కప్పును మెడగుడ్డలో చుట్టి, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని రిక్షా ఎక్కింది. రిక్షా గల్లీ మలుపు తిరగకముందే పెరట్లో ప్రభావతమ్మ తలమీద చెంబులతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు విమలకు వినిపించింది.

మర్నాడు సాయంత్రం జెమ్మా రైలు. గూటికి కప్పు తెస్తానని అత్తగారితో చెప్పి, ఎట్లాగైనా జెమ్మాకు నిజం చెప్పేయాలని విమల ఆబిడ్స్ దాకా నడిచింది. సిస్టర్ల బంగ్లా గేటు ముందర నిలబడింది. ఏమని చెప్పాలి? నీకిచ్చింది పెళ్లికప్పు కాదమ్మా, అని చెప్పి ఆ గుడ్డలో చుట్టుకున్నది వెనక్కి అడగాలా? గేటు తీయలేకపోయింది. ఎదురుగా పింగాణీ దుకాణం ఉంటే అందులోకి పోయింది.

ఒక కప్పు చూపించమంటే దుకాణం దుర్గయ్య అలవాటుగా అడిగాడు.

"ఇంట్లకా అమ్మా, అరుగు గూటికా? గూటికైతే జోడు లేనివి సస్తగ ఉన్నయి, తక్కువకే ఇస్త."

విమల ముఖం మండిపోయింది. ఊరంతా తెలిసిన సంగతే, జెమ్మాకు ఒక్కదానికే తెలియదు.

"ఆరు ఇయ్యి. అన్ని ఒక్కతీరువే," అంది.

దారి పొడుగునా ఒకే మాట కూర్చుకుంటూ వచ్చింది: ఇకమీద ఇంట్లోవాళ్లమూ, వచ్చినవాళ్లూ అందరం వీటిలోనే తాగుదాం అత్తమ్మా. అట్లా అన్నప్పుడు ఆవిడ ఎందుకని అడిగితే, అప్పుడు అన్నీ చెప్పేద్దామనుకుంది.

"ఒక్కటి తెమ్మంటే ఆరు తెచ్చినవేందే?" అని అడిగింది ప్రభావతమ్మ.

విమల నోరు తెరిచింది. "సస్తగ వచ్చినయి, అత్తమ్మా," అంది.

ఆవిడ కప్పుల అందం మెచ్చుకుంటూ, అయిదింటిని అద్దాల అల్మారాలో వరసగా పెట్టింది. ఒకటి తీసుకుపోయి గూట్లో పెట్టింది.

దీపాలవేళకు విమల భర్త వామన్‌రావు వెంట ఆఫీసులో పనిచేసే మొగులయ్య వచ్చాడు. చాయ్ పోసింది విమలే, గూట్లో కప్పు తీసింది విమలే. మొగులయ్య తాగి, మాట ఆపకుండానే కప్పు పట్టుకుని నల్లా దగ్గరికి నడిచాడు. విమల అతనికంటే ముందు పోయింది. కప్పు అందుకోవడానికి చేయి చాపబోయింది. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది.

విమల నల్లా తిప్పి, పక్కకు జరిగింది.