బెజ్జాల బల్ల

“చెక్క నేను పట్టుకోకపోతే నీ చేత యాడయితాదిమే?” అన్నాడు మా ఆయన సంజీవయ్య, ఆ పొద్దు కూడా. అంటూనే పట్టుకున్న చెక్క వదిలేసి టీ గ్లాసు అందుకున్నాడు. చిత్రిక పడుతున్న నా చెయ్యి జారి బొటనవేలి గోరు లేచింది. “చూస్తివా? అందుకే చెప్పేది” అన్నాడు. వదిలింది తాను, బుద్ధి తెచ్చుకోవాల్సింది నేను.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో ఉంగరాలు పేర్చి చూపిస్తారే, ఆ చెక్క ట్రేలు చేసేది నేనే. మా నాయన ఖాజీపేటలో నాగళ్లు చెక్కేవాడు. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న పనే నాలుగేండ్లుగా ఈ ఇంటికి కూడు పెడుతోంది. నాలుగేండ్ల కింద మా ఊళ్లో బాంబులు పడ్డాయి. మా ఆయన ఒక నాయకుని మనిషి, అవతల వాళ్లు ఇంకొక నాయకుని మనుషులు. రాత్రికి రాత్రి టౌనుకు వచ్చి పడ్డాం. అప్పటి నుంచి ఆయన ఒంటరిగా గడప దాటలేదు, దాటితే నరుకుతారు. ఆడవాళ్ల జోలికి మాత్రం రారు, అది మా వైపు కొట్లాటల్లో ఒక నీతి. ఆ నీతి పుణ్యమా అని కట్టెల డిపోకు నేనే, కరెంటు బిల్లుకు నేనే, గ్యాసు బండకు నేనే, మా అత్త కంటి ఆపరేషన్‌కు నేనే. ప్రాణభయం మగవాళ్లదీ, పరుగు ఆడదానిదీ. అయినా నోరెత్తలేదు. మనిషి బతికి ఉంటే చాలని ప్రతి శనివారం దేవుడికి దీపం పెట్టుకున్నాను.

పని చేసుకునే బల్ల అంటే రెండు డ్రమ్ముల మీద పరిచిన పాత తలుపు. ఇంట్లో చదునుగా ఏది కనబడినా అది అందరిదీ అవుతుంది గదా. పొద్దున దాని మీద మా అత్త పెద్దసుబ్బమ్మ సండిగ వడియాలు ఆరబోస్తుంది. మధ్యాహ్నం పార్టీ వాళ్లు వచ్చి పేకాడతారు. ఎలక్షన్లు వస్తే ఓటర్ల లిస్టులు, పోస్టర్లు, మైదా గంజి గిన్నె. వాళ్లందరూ లేచిపోయాక గంజి గీకి, తుడిచి నేను పని మొదలుపెట్టాలి. ఒక్కోసారి వాళ్లు లేచేదాకా ట్రేని ఒడిలో పెట్టుకుని నేల మీద కూర్చుని గీసుకునేదాన్ని. “మీ ఇంటామె శానా ఓర్పుగల మనిషి సంజీవన్నా” అనేవాళ్లు. ఓర్పుకేం, నాలుగు టీలు కూడా పెట్టి ఇచ్చేది.

పోయిన వారం ఆ తలుపు నడుమ విరిగింది. ఫకీర్ సాహెబ్ డిపోలో బెజ్జాలు వేసిన బల్ల ఒకటి ఉందని, దానికి చెక్క బిగిస్తే పట్టుకునే మనిషి అక్కర్లేదని ఇంట్లో చెప్పాను. పట్టుకునే మనిషికి కోపం వచ్చింది.

“దుడ్లిచ్చి బెజ్జాలు కొంటారంటనా యాడన్నా! నున్నంగా ఉండేది తీసుకరా, పదిమందికి పనికొస్తాది.”

“ఆ తూట్ల మీద సండిగలు ఎట్ల పోసేది?” అంది మా అత్త.

నేనెట్లా పని చేసేది అని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. లేచిన గోరుకు గుడ్డ చుట్టుకుని డిపోకు పోయాను.

ఫకీర్ సాహెబ్ రెండు బెజ్జాల బల్లలు చూపించాడు. ఒకటి పల్చటి ప్లైవుడ్, చూపుకు ముద్దుగా ఉంది. ఒకటి రెండంగుళాల మందం తుమ్మచెక్క, మోటుది. రెండింటికీ నాలుగు వేళ్ల ఎడంతో వరుసగా బొటనవేలు పట్టేంత బెజ్జాలు. “ముందు చీల పెట్టి చూడమ్మా” అని కొయ్య చీల చేతికిచ్చాడు. ప్లైవుడ్‌లో దిగ్గొడితే అది గడగడ ఊగింది. తుమ్మచెక్కలో దిగ్గొడితే బిర్రుగా నిలబడింది. చెక్కను ఆ చీలకు ఆనించి, అవతలి పక్క ఇంకో చీల కొట్టి, సందులో ఒక ముక్క దిగేశాడు. “ఇంక గుంజు.” రెండు చేతులా గుంజాను. కదలలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత చిన్న పనికా నేను నాలుగేండ్లు ఒక మనిషిని బతిమాలుకున్నది!

“ఏమ్మా బాలనాగమ్మా, బాగుండావా?”

తిరిగి చూస్తే సిద్దమ్మ. అవతలి వర్గం కుళ్లాయప్ప పెండ్లాం. ఒక అడుగు వెనక్కి వేశాను. ఆమె మాత్రం నవ్వుతోంది, చేతిలో కిటికీ చెక్కల చీటీ.

“అన్న యాడ పనికి పోతాండాడు ఇప్పుడు?”

“యాడికి పోతాడక్కా, మీవాళ్లు బతకనిస్తే గదా” అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

సిద్దమ్మ నన్ను వింతగా చూసింది. “మావాళ్లా? ఉగాదికి ముందరే రాజీ అయిపాయ గదమ్మా. నాయకులిద్దరూ ఒకే పార్టీలో చేరిరి. పులివెందుల తోటలో అందరూ ఒట్లేసుకుని బంతి కూర్చునిరి. వడ్డించింది నేనే. మీ ఆయన మాంసం రెండోసారి అడిగి వేయించుకునె. మా ఆయన మర్నాడే జమ్మలమడుగుకు లారీ తోలుకుని పనికి పాయ. నీకు చెప్పలేదా?”

ఉగాదికి ముందర. ఆయన్ను చంపడానికి మనుషులు వచ్చారని పార్టీ జీపు వచ్చి రెండు రోజులు దాచిపెట్టడానికి తీసుకుపోయింది. ఆ రెండు రోజులూ నేను పచ్చి నీళ్లు ముట్టలేదు. ఇప్పుడు వినాయక చవితి వస్తోంది.

తుమ్మచెక్క బల్లనే ఆటోలో వేసుకుని వచ్చాను. ఫకీర్ సాహెబ్ మనుషులు డ్రమ్ముల మీద ఎక్కించి పోయారు. మా ఆయన వచ్చి ఒక బెజ్జంలో వేలు పెట్టి నవ్వాడు. “జల్లెడ తెచ్చినావే! పేక ముక్కలన్నీ కిందికి పోతాయి.”

“సిద్దమ్మ కనపడింది” అన్నాను. “మాంసం బాగుండిందా?”

ఆయన వేలు బెజ్జంలోనే ఉండిపోయింది. నేను మా అత్త వైపు చూశాను. ఆమె సండిగల చాట ఎత్తుకుని గబగబా లోపలికి పోయింది. ఆమెకూ తెలుసన్నమాట! ఆ కన్ను బాగుచేయించింది నేను.

“అది పైపై రాజీమే. కింద మనుషులను నమ్మేకి లేదు. నీకు తెల్దు రాజకీయం...”

“నాకు తెలిసింది చాల్లే. ఆ మూల ఉండే పన్నెండు ట్రేలు అంగడికి ఇయ్యాల. తీసుకపో.”

“నేనా? నడిబజార్లో, ట్రేలు మోసుకోనా?”

నేను కొత్త చెక్క పెట్టి, చీలలు దిగ్గొట్టి, సందులో ముక్క బిగించాను. ఆయన అలవాటు కొద్దీ చివర పట్టుకోబోయాడు. పట్టుకోవడానికి ఏమీ లేదు. చొక్కా తొడుక్కుని, ట్రేలు భుజాన పెట్టుకుని గడప దిగాడు. వీధిలో ఎవరో “ఏమప్పా సంజీవయ్యా, ఇన్నాళ్లకు!” అని పలకరించారు కూడా. నాలుగేండ్లు ఈ మనిషి ప్రాణం నిలబెట్టమని దేవుడికి మొక్కినదాన్ని, ఆయన తిరిగి వస్తే ఇంట్లోకి రానివ్వాలా వద్దా అని ఆలోచించుకుంటూ చిత్రిక పట్టాను.