డామన్ పొలిమేర దగ్గర

ఆదివారం పొద్దున సంధ్య బియ్యం కడుగుతుంటే కింద రోడ్డు మీద కారు హారన్ ఆగకుండా మోగింది. తడిచేతులతోనే బాల్కనీలోకి వెళ్లి చూసింది. వరప్రసాద్ కారు కిటికీలోంచి తల బయటపెట్టి చెయ్యి ఊపుతున్నాడు. పక్క సీట్లో అతని భార్య ప్రసన్న కూర్చుని ఉంది.

"చెల్లే, బట్టలు సర్దు! హనీమూన్‌కు పోతున్నం!"

సంధ్య నవ్వింది. ఆమెకు పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. సిరిసిల్ల నుంచి సూరత్‌లో ఈ ఆల్థాన్ ఫ్లాటుకు కాపురానికి వచ్చినప్పటి నుంచి హనీమూన్ అనే మాట వింటూనే ఉంది. ఆమె భర్త ఉమాకాంత్ పల్సానాలో ఒక ప్రింటింగ్ మిల్లులో చీరలకు డిజైన్లు వేస్తాడు. ఈసారి అతను వేసిన చీర నిండా నీలం సముద్రం, దాని ఒడ్డున తెల్లటి ఇళ్లు. 'మెడిటరేనియన్' అని పేరుపెట్టి మార్కెట్‌లోకి వదిలితే విపరీతంగా పోతోంది. దాంతో మిల్లు యజమాని సేఠ్ అతనికి సెలవు లేదన్నాడు. మనాలీకి తీసుకున్న టికెట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది.

"లోకమంతటికీ సముద్రం కట్టబెట్టినవ్. పెండ్లానికి మాత్రం తాపీ నది చూపెడుతున్నవ్" అని వరప్రసాద్ కనిపించినప్పుడల్లా ఉమాకాంత్‌ను ఏడిపించేవాడు. వరప్రసాద్ అదే మిల్లులో సూపర్‌వైజర్. ఉమాకాంత్‌కు ఆ పని ఇప్పించిందీ అతనే. అందుకే అతను ఏమన్నా ఉమాకాంత్ నవ్వి ఊరుకునేవాడు.

"పోయిరాండ్రి బిడ్డా. వంట సంగతి నేను చూస్త" అంది అత్త లింగవ్వ. సంధ్య ఒక ఎర్ర బ్యాగులో బట్టలు సర్దుకుంది. ఫొటోలు దిగొచ్చు కదా అని పట్టుచీర కూడా పెట్టుకుంది.

సూరత్‌కు దక్షిణంగా ఉన్న తీథల్ ఒడ్డున సంధ్య మొదటిసారి సముద్రాన్ని చూసింది. నీళ్లు నీలంగా లేవు. బురద కలిసినట్టు గోధుమరంగులో ఉన్నాయి. ఇసుక నల్లగా ఉంది. అయినా అల వచ్చి పాదాల కింది ఇసుకను లాగేస్తుంటే ఆమె కేకలు పెడుతూ ఉమాకాంత్ చెయ్యి పట్టుకుంది. నలుగురిలో చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. అతను వదిలించుకోలేదు.

అక్కడి నుంచి ఇంటికి తిరగాల్సింది. వరప్రసాద్ వినలేదు. "ఇంత దూరం వచ్చినం, డామన్ జరంత దూరమే. చలో, చలో!" అని కారును దక్షిణానికి పోనిచ్చాడు.

డామన్‌లో సముద్రం పక్కనే ఉన్న ఒక హోటల్లో భోజనం చేశారు. మధ్యలో వరప్రసాద్ ఫోన్ చేసుకోవాలంటూ బయటికి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. "అన్న ఏడికి పోయిండు?" అని సంధ్య అడిగితే ప్రసన్న గ్లాసులో నీళ్లు తాగుతూ ఉండిపోయింది. ఉమాకాంత్ తల ఎత్తకుండా చేప ముళ్లు తీసుకుంటున్నాడు. తిరుగుప్రయాణానికి కారెక్కేసరికి, డిక్కీలో ఉండాల్సిన ఎర్ర బ్యాగు వెనక సీటు ముందు, సంధ్య కాళ్లు పెట్టుకునే చోట ఉంది.

డామన్ కేంద్రపాలిత ప్రాంతం; అది దాటితే మళ్లీ గుజరాత్. పొలిమేర దగ్గర కార్లు వరసకట్టి ఉన్నాయి. ముందు గుజరాత్ పోలీసులు ఒక్కో బండినీ ఆపి డిక్కీలు తెరిపిస్తున్నారు. కారులో చల్లగాలికి సంధ్యకు వణుకు పుట్టింది. అలల్లో తడిసిన చీర కుచ్చిళ్లు ఇంకా ఆరలేదు. కప్పుకోవడానికి ఏదన్నా తీసుకుందామని బ్యాగు జిప్పు లాగింది.

లోపల పట్టుచీర ఆమె పెట్టిన మడతలో లేదు. దేనికో చుట్టి ఉంది. చెయ్యి పెడితే చల్లగా, గట్టిగా గాజు తగిలింది. కొంగు విప్పితే సీసా మూత బయటపడింది. దాని పక్కన ఇంకొకటి. అడుగున మరొకటి.

"ఇవేంది?" గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

వరప్రసాద్ అద్దంలోంచి చూశాడు. "అరే, ఎందుకు తెరిచినవ్ చెల్లే? బంద్ చెయ్. సేఠ్ ఇంట్ల దావత్ ఉన్నది, ఆయన తెమ్మన్నడు. ఏం కాదు."

"గుజరాత్‌ల మందు బంద్ అని మీరే చెప్పిన్రు కదన్నా. పట్టుకుంటే?"

"కొత్త పెండ్లికూతురి బ్యాగు ఎవడు చూస్తడు? చేతులకు మెహందీ ఉన్నది, మెడల పసుపుతాడు ఉన్నది. ఊకె నవ్వుకుంట కూసో, చాలు."

సంధ్య భర్త వైపు తిరిగింది. ఉమాకాంత్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మీకు తెలుసా?"



ముందున్న కారు కదిలింది. వరప్రసాద్ కూడా కొంచెం ముందుకు పోనిచ్చాడు. ఇప్పుడు పోలీసుల ముఖాలు కనిపిస్తున్నాయి. వాళ్లలో ఒక ఆడకానిస్టేబుల్ ఉంది. ఆమె ఒక కారులోంచి ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులు తీయించి చూస్తోంది.

"అన్నా, వెనకకు తిప్పండి."

"వరసలకెళ్లి తిప్పితే ఇంకా డౌట్ పడతరు. అందరినీ లోపలేయిస్తవా ఏంది?" ఈసారి వరప్రసాద్ గొంతులో నవ్వు లేదు.

అప్పుడు ప్రసన్న నెమ్మదిగా వెనక్కి తిరిగింది. "గమ్మునుండు సంధ్యా. నా బ్యాగుల ఎన్నిసార్లు పెట్టిండో లెక్కే లేదు. మొదట భయమైతది. ఆనక అలవాటైతది."

ఓదార్చడానికే అంది. కానీ ఆ మాట విన్నాక సంధ్య ఆ కారులో కూర్చోలేకపోయింది. జిప్పు మూసింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది. తలుపు తెరిచి దిగిపోయింది.

"చెల్లే! ఏయ్! ఉమా, పట్టుకోరా!"

ఆమె వెనక్కి, డామన్ వైపు నడిచింది. పరుగెత్తితే అందరూ చూస్తారని నెమ్మదిగా నడవబోయింది. అయినా అడుగులు వేగంగానే పడ్డాయి. బ్యాగులో సీసాలు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడవుతున్నాయి. వరసలో ఉన్న డ్రైవర్లందరూ తననే చూస్తున్నట్టుంది. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. పోలీసులదో, మరెవరిదో తెలియలేదు. తిరిగి చూడలేదు. ఈ ఊళ్లో ఆమెకు ఎవరూ తెలియదు. భాష రాదు. ఫోను కారు సీటులోనే వదిలేసి దిగింది.

రోడ్డు పక్కన షట్టర్ వేసున్న ఒక దుకాణం కనిపించింది. దాని గోడ చాటుకు వెళ్లి సీసాలు బయటికి తీసింది. ఒకటి జారి గడ్డిలో పడింది, పగల్లేదు. మూడింటినీ గోడకు ఆనించి పెట్టింది. అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది.

"సంధ్యా."

ఉమాకాంత్ రొప్పుతూ నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడచ్చినవా?" అంది. పెళ్లయ్యాక అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

అతను నోరు తెరిచేలోపే జేబులో ఫోన్ మోగింది. ప్రసన్న. స్పీకర్ పెట్టకపోయినా ఆమె గొంతు సంధ్యకు వినిపించింది. "మీరు దిగి పోయింది పోలీసామె చూసింది. బండి పక్కకు పెట్టించిన్రు. మీరిద్దరూ రాకపోతే మమ్మల్ని ఇడిచిపెట్టరట. బ్యాగు తీస్కోని రమ్మంటున్రు."

ఉమాకాంత్ ఫోన్ పెట్టేశాడు. "నువ్వు ఈడనే ఉండు. నేను పోయి మాట్లాడుత."

"ఏం మాట్లాడుతవ్? బ్యాగు ఏదంటే ఏం చెప్తవ్?" సంధ్య కళ్లు తుడుచుకుంది. "పద."

ఆడకానిస్టేబుల్ బ్యాగును జీపు బానెట్ మీద బోర్లించింది. బట్టలు, దువ్వెన, పౌడర్ డబ్బా, నలిగిపోయిన పట్టుచీర. చీరను విప్పి దులిపింది. బ్యాగు అడుగున తట్టి చూసింది. కొంచెం దూరంలో కారు సీట్లు పైకెత్తి వెతుకుతున్నారు. వరప్రసాద్ చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. అతను సంధ్యను చూస్తున్న చూపులో బెదిరింపు ఉందో, వేడుకోలు ఉందో చెప్పలేం.

"కారు ఎందుకు దిగావు?" కానిస్టేబుల్ హిందీలో అడిగింది.

సంధ్య వచ్చీరాని హిందీలో ఒక్కో మాటా వెతుక్కుంది. "ఝగడా హువా. పతి సే."

"మొగుడితో గొడవా? పెళ్లెప్పుడైంది?"

"ఈ నెలలోనే."

ఆమె సంధ్య చేతుల మీది వెలిసిపోతున్న మెహందీని చూసింది. తర్వాత ఉమాకాంత్ వైపు తిరిగింది. "దేని గురించి గొడవ?"

ఉమాకాంత్ ఒక అడుగు ముందుకు వేశాడు. "తప్పు నాదే మేడమ్" అన్నాడు. "ఆమె చెప్పింది వినాల్సింది. వినలేదు."

కానిస్టేబుల్ ఇద్దరినీ చాలాసేపు చూసింది. ఏదో పసిగట్టిందనే అనిపించింది. కానీ బ్యాగులో ఏమీ లేదు, కారులోనూ ఏమీ లేదు. చీరను సంధ్య చేతుల్లో పెట్టి, "జావో" అని పంపేసింది.

పొలిమేర దాటి కొంత దూరం వచ్చారు. తర్వాత వరప్రసాద్ గట్టిగా ఊపిరి వదిలి నవ్వాడు. "వారెవ్వా చెల్లే! హీరోయిన్ లెక్క చేసినవ్ పో! ఇగ చెప్పు, సీసాలు ఏడ పెట్టినవ్? ఇంకో తొవ్వ ఉన్నది, తిప్పుకొని పోదాం."

"వాపీ స్టేషన్ దగ్గర మమ్మల్ని దించన్నా" అన్నాడు ఉమాకాంత్.

"ఏమైందిరా? దీనికే?"

"దించు."

అద్దంలో వరప్రసాద్ కళ్లు చిన్నవయ్యాయి. "సరే. రేపు మిల్లుల ముఖాలు చూసుకునేదే కదా" అన్నాడు.

స్టేషన్ ముందు వాళ్లు దిగుతుంటే ప్రసన్న తను తీసిపెట్టిన సంధ్య ఫోన్ అందించి, ఆమె చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలింది.

రైలు కిక్కిరిసి ఉంది. తలుపు దగ్గర నిలబడడానికే చోటు దొరికింది. బయట చెరకు తోటల మీద ఎండ వాలుతోంది.

"అన్న నన్ను అడిగిండు" అన్నాడు ఉమాకాంత్, ఆమెను చూడకుండా. "నీ బ్యాగుల పెడుతనని."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే."

"వద్దనలే."

"భయమైంది. ఎన్నడూ కాదనలే ఆయనను."

"నాకు భయం కాలేదా?" అంది సంధ్య. "ఆ రోడ్డు మీద నడుస్తుంటే పానం పోయినట్టే అయింది. ఎవరున్నరు నాకు ఈడ? నువ్వొక్కనివే గదా."

 నవసారి దాటాక ఉమాకాంత్ ఫోన్ మోగింది. తెర మీద వరప్రసాద్ పేరు. అతను కాసేపు మోగనిచ్చాడు. తర్వాత ఎత్తాడు.

"అన్నా... మిల్లు సంగతి రేపు చూసుకుందాం. నువ్వు ఏం చేస్తవో చెయ్. గని సంధ్యకు నువ్వు చెప్పాలె, తప్పయిందని. నేను పోలీసామె ముందట చెప్పిన. నువ్వు కూడ చెప్పాలె."

అవతలి నుంచి కేక వినిపించింది. తర్వాత లైన్ కట్ అయింది. ఉమాకాంత్ ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు. రెండుసార్లు జేబు తప్పింది. సంధ్య చూసింది. ఆమె కోపం తగ్గలేదు. రేపు అతనికి ఆ పని ఉంటుందో లేదో ఇద్దరికీ తెలియదు. వెనకాల నిలబడ్డవాళ్లు తోస్తుంటే ఆమె కొంచెం పక్కకు జరిగింది. అతనికి కమ్మీ పట్టుకోవడానికి చోటు దొరికింది.

"ఏ స్టేషన్‌ల దిగాలె?" అని అడిగింది.

"ఉధ్నాల. ఆడికెల్లి ఇంటికి ఆటో దొరుకుతది."

ఆమె తలూపి బ్యాగును కాళ్ల మధ్యకు లాక్కుంది.