ఎడమ అంచు ముద్దగా పడ్డ పువ్వు

వీరలక్ష్మి అచ్చును నల్లరంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దింది. పువ్వు పడింది. మళ్లీ అద్దింది. పెడనలోని ఆ కలంకారీ షెడ్డులో ముప్పయ్యేళ్లుగా అదే బల్ల, అదే నిలువుకాళ్ల కొలువు. చేతి అంచు కాయకాచి చెక్కలా అయింది.

పక్క బల్ల దగ్గర సుగుణ పొద్దుటినుంచీ తల ఎత్తలేదు. ఎత్తుతుందా మరి! మొన్న యూనివర్సిటీ నుంచి నాగజ్యోతి అనే పిల్ల వచ్చి, కాపురంలో ఆడదాని ఇష్టాయిష్టాల మీద పరిశోధన అంది. పేర్లు రాయనంది. ఒప్పుకున్నట్టు గుర్తుగా వేలిముద్ర వెయ్యమంటే ఆడవాళ్లు జంకారు. తలా ఒక పువ్వు అద్దుదాం అన్న తెలివి వీరలక్ష్మిదే. పదకొండు మందీ ఒకే అచ్చుతో, ఎవరి మాటలు రాసిన కాగితం కింద వాళ్లు అద్దారు. ‘వద్దన్నా వినడు’ అని సుగుణ చెప్పింది కూడా ఓ పువ్వు పైన కాగితానికెక్కింది. పువ్వును చూసి గుద్దిన చెయ్యి ఎవరిదో చెప్పేసే ఊరు పెడన అని, పాపం, ఆ పిల్లకేం తెలుసు? తెలిసిన వీరలక్ష్మికే ఆ పూట తట్టలేదు.

ఇవాళ నాగజ్యోతి సంచి బల్ల మీద పెట్టి మంచినీళ్లకు వెళ్లింది. యజమాని సీతారామయ్య అందులోంచి పైకాగితం లాగి చదివాడు.

“ఎడమ అంచు ముద్దగా పడింది. ఇది సుగుణ చెయ్యే. కాలవ దగ్గర గుడ్డలు ఉతుకుతున్న వాళ్లాయన్ని పిలవండ్రా, వినిపిద్దాం.”

సుగుణ అచ్చు కింద పెట్టి గేటు వైపు చూసింది.

“అది నాదండీ,” అంది వీరలక్ష్మి.

“నీ మొగుడు పోయి పదేళ్లయింది!”

“ఉన్నప్పటి సంగతే చెప్పానండీ. పోయాడని మర్చిపోతానా?”

“మరి ఈ చెయ్యి?”

“భుజం నొప్పిగా ఉన్న రోజు నాదీ ఇలాగే పడుద్దండీ.”

ఆయన భుజం మీది తెల్లకండువాను వీరలక్ష్మి బల్ల మీదికి లాగి, అచ్చు ఆనించి గుద్దింది. ఎడమ అంచు ముద్దగానే పడింది. పడదూ? సుగుణకు చెయ్యి పట్టి అద్దకం నేర్పింది తనే, ఆ చేతి వాటం తనకు తెలియందా?

“రేపట్నుంచి షెడ్డుకి రాకు!” అని అరిచాడు సీతారామయ్య.

“రేపటిదాకా ఎందుకండీ?”

తిరిగొచ్చిన నాగజ్యోతి సంగతి విని, ఆయన చేతిలోని కాగితం లాక్కుంది. “తప్పు నాది పెద్దమ్మా. అన్నీ చింపేస్తాను.”

“చింపావంటే ఊరుకోను. అందరినీ మళ్లీ అడుగు. ఉంచమన్నవాళ్ల మాటలుంచి, పువ్వులు కత్తిరించెయ్.”

సుగుణ వచ్చి కత్తెర అందించింది.

వీరలక్ష్మి చేతులు కడుక్కుంది. క్యారేజీ తీసుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటింది.

సాయంత్రంలోగా సీతారామయ్య ఆ కండువాను మూడుసార్లు ఉతికించాడు. దండెం మీద అది ఆరుతోంది, ఎడమ అంచు ముద్దగా ఉన్న నల్లపువ్వుతో.